మా ఊరి చేతికర్రలు

నాయన సంవత్సరీకానికి ఊరికి వెళ్లినప్పుడు పెరట్లో పిన్ని ఆముదం వండుతోంది. వేయించి దంచిన గింజల పిండి నీళ్లలో కుతకుతలాడుతుంటే, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి గిన్నెలోకి వంచుతోంది. ఆ వాసనకి చాలామందికి తలంట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం కర్రలు గుర్తొచ్చాయి.

మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు, ఇళ్లకు సున్నాలు కొట్టే రోజుల్లో, చేతికర్రలకు ఆముదం పట్టించేవాళ్లు. నూనె తాగని వెదురు ఎండాకాలం వచ్చేసరికి బీటలిస్తుంది. పాత పంచె గుడ్డ ముంచి, గణుపుల దగ్గర గట్టిగా రుద్ది, వసారా గోడకి ఆనించి ఎండలో పెట్టడం పిల్లల పని. ఇరుగుపొరుగు కర్రలు కూడా మా వసారాకే వచ్చేవి. నూనెతో మెరుస్తూ గోడ పొడుగునా నిలబడ్డ ఆ వరసలో ఏ కర్ర ఎవరిదో పేరు రాసినంత స్పష్టంగా చెప్పగలిగేవాళ్లం. ఒకటి పిడి దగ్గర చెయ్యి అరగదీసి గుంట పడింది. ఒకటి మధ్యలో పగిలితే రాగి తీగ చుట్టారు. ఇంకోదానికి పైన బట్ట కుట్టి ఉండేది, ఆ తాత అరచెయ్యి బొబ్బలెక్కేదని.

మాది కనిగిరి వైపు పల్లె. పడమటికి చూస్తే వెలిగొండలు. మెట్ట చేలు, కంది, ఆముదం, సజ్జ, నాలుగు చినుకులు ఎక్కువ పడిన ఏడు పొగాకు. ఆ ఊళ్లో చేతికర్రలు ఎందుకంత ఎక్కువో చిన్నప్పుడు ఎవరమూ అడగలేదు. అన్ని ఊళ్లూ అట్టాగే ఉంటాయనుకున్నాం.

* * *

తెల్లవారుజామున పక్కలో పడుకునే వీధిలో ఎవరు పోతున్నారో చెప్పేవాళ్లం. మా తాతది పొన్నుకర్ర, కొసకి ఇనప కట్టు వేసినది. వీధరుగు ముందు పరిచిన బండల మీద ఇనప పొన్ను పడితే ఖంగుమనేది. ఆయన చేనికి పోయేటప్పుడు ఆ చప్పుడు వడివడిగా, తిరిగొచ్చేటప్పుడు ఆగి ఆగి వినిపించేది. ఎదురింటి తాతది పొన్ను లేని వెదురు, డొక్కు డొక్కుమంటూ మట్టిలో కూరుకునేది. దర్జీ చిన్నాయనకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఆయన చంకకర్రలు రెండూ ఒకేసారి నేలకి తగిలేవి, ఆ తర్వాత ఒక కాలి అడుగు. ఆయన వస్తున్నాడంటే ఇస్త్రీ బట్టలొచ్చాయని అమ్మకి తెలిసేది.

కర్రని దాటితే పెద్దవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. కింద పడి ఉంటే తీసి గోడకి పెట్టాలి. పెద్దాయన మంచం దిగకముందే చేతికి అందేలా తలవైపు పెట్టాలి. కాళ్లవైపు పెడితే వంగి అందుకోబోయి తూలుతారని మా జేజి (నాయనమ్మ) చెప్పేది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఇచ్చే కాగితాల్లో కూడా ఆ సంగతే ఉంటుంది: కర్ర మంచం పక్కన చేతికందే చోట ఉంచండి అని.

కర్ర నడవడానికే కాదు. చింతకాయలు దులపడానికి, ధాన్యం మీద వాలిన కోళ్లని అదిలించడానికి, చీకట్లో పాముకి తెలిసేలా నేల తట్టడానికి. జేజికి గొంతు తగ్గాక కర్రతో మంచం కోడు మీద రెండుసార్లు కొడితే మంచినీళ్లు, మూడుసార్లు కొడితే బయటికి పోవాలని.

* * *

కర్ర చేసేది మా ఊరి వడ్లాయన, అంటే వడ్రంగి. కొండ మీంచి కట్టెలు తెచ్చేవాళ్లు ఎప్పుడైనా గట్టి వెదురు పట్టుకొస్తే నాలుగు బొంగులు కొని, చూరులో పొగ తగిలేచోట దోపి ఉంచేవాడు. ఏడాది ఆరినా తొందరపడేవాడు కాదు. పిడి వంచాలంటే నానబెట్టి, సెగకు చూపించి, కొంచెం కొంచెంగా వంచి, తాడుతో బిగించి ఉంచేవాడు.

ఆయన దగ్గర కర్ర కొనుక్కుని రావడమనేది లేదు. మనిషి రావాల్సిందే. తాతకి కొత్త కర్ర చేయించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడమన్నాడు. "చేతులు వదిలెయ్ పెద్దాయనా, బిగపట్టమాక" అన్నాడు. తాత చేతులు వేలాడేశాడు. మణికట్టు మడత దగ్గర దారం పెట్టి, కొసన రాయి కట్టి కిందికి వదిలి, నేలకి తగిలిన చోట ముడి వేశాడు. కర్ర కొలత అదే. అంతకంటే పొడుగైతే భుజం పైకి లేచి మెడ పట్టేస్తుందనీ, పొట్టిదైతే మనిషి దానికోసం వంగి వంగి చివరికి గూనివాడవుతాడనీ చెప్పాడు. చెప్పులతో ఎందుకన్నాను. "నడిచేది చెప్పులతో గదా అబ్బయ్యా" అన్నాడు.

పొన్ను కొలిమి దగ్గర వేయించాలి. బండి చక్రానికి కమ్మీ వేసినట్టే. ఇనప కట్టుని ఎర్రగా కాల్చి కర్ర కొసకి తొడిగి నీళ్లలో ముంచితే, చల్లారుతూ బిగుసుకునిపోతుంది. కర్ర కాలిన వాసన, చుయ్యిమనే ఆవిరి. ఆ పొన్ను మట్టిలో, గులకరాళ్లలో బాగా పట్టు ఇచ్చేది. సిమెంటు నేల మీద జారుతుందన్న సంగతి ఆ రోజుల్లో ఎవరికీ అవసరపడలేదు, మా ఊళ్లో సిమెంటు నేల ఒక్క బడిలోనే ఉండేది.

* * *

కర్రలు ఎందుకంత ఎక్కువో కాలేజీకి ఒంగోలు వెళ్లాక తెలిసింది. హాస్టల్లో నా పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి "కనిగిరోడివా, పొదిలోడివా?" అని ఒకబ్బాయి అడిగాడు. ఊరు కనుక్కోవడానికి మా పళ్లు చాలు.

నీళ్లే కారణం. మా నేల అడుగునున్న రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదంటారు. మా బావుల్లో, ఆ తర్వాత వేసిన బోర్లలో అంతకు మించి ఉండేది. చిన్నప్పుడు పళ్లని పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి, కీళ్ల దగ్గరి కట్లు గట్టిపడి, వెన్ను బిగుసుకుపోయి, మోకాళ్లు చాపడానికి రావు. మన దేశంలో మనుషులకి ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు వస్తోందని డాక్టర్లు వైద్య పత్రికలో రాసింది 1937లో. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మా కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. అంటే మా తాత పడుచువాడిగా ఉన్నప్పుడే ఈ జబ్బు సంగతి డాక్టర్లకి తెలుసు. ఆ సంగతి మా ఊరికి చేరేసరికి ఆయన చేతిలో కర్ర పాతబడిపోయింది.

నలభై ఏళ్లకే కర్ర పట్టినవాళ్లు మా ఊళ్లో ఉండేవాళ్లు. పక్క ఊళ్లలో డెబ్భై ఏళ్లకి వచ్చేది మాకు ముప్ఫై ఏళ్లు ముందే వచ్చేది. జేజికి మెడ తిరిగేది కాదు. వెనకనించి పిలిస్తే కర్ర ముందు తిప్పి, తర్వాత కాళ్లు, తర్వాత మనిషి మొత్తం తిరిగేది. అంతసేపూ పిలిచినవాళ్లు ఆగాలి. అందుకే మా ఇంట్లో పెద్దవాళ్లని వెనకనించి పిలిచే అలవాటు పోయింది. ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడేవాళ్లం. ఇప్పటికీ నాకు అదే అలవాటు, ఆఫీసులో కూడా.

ఇది ఎవరి తలరాతో కాదు. నీళ్లు మారిస్తే ఆగే జబ్బు. మా తర్వాతి పిల్లలకి సాగర్ నీళ్లు, డబ్బా నీళ్లు వచ్చాయి, వాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి. కానీ అప్పటికే వంగిన వెన్నులు నిటారు కావు. వాళ్లకి మిగిలింది కర్రే, అందుకని ఆ కర్రన్నా సరిగ్గా ఉండాలి.

* * *

జేజికి వాకర్ అన్న మాట తెలియదు. కానీ ఇల్లంతా ఆమెకి వాకరే. వంటింటి నుంచి పెరటి గుమ్మం దాకా మట్టిగోడ ఆమె చెయ్యెత్తున నున్నగా, నల్లగా మెరిసేది. నులక మంచం మీద దూలానికి తాడు కట్టి, మధ్యమధ్య ముడులు వేశాడు తాత. ఆ ముళ్లు పట్టుకుని ఒక్కొక్కటే పైకి జరుగుతూ లేచి కూచునేది. మంచం మరీ పల్లంగా ఉందని కోళ్ల కింద నాలుగు చెక్క దిమ్మలు పెట్టించారు. మోకాళ్లు వంగని మనిషికి జానెడు ఎత్తు ఎంత మేలో అది చూశాక తెలిసింది.

తర్వాత వాడకం లేక మూలపడ్డ మడత కుర్చీ ఒకటి ఆమె చేతికొచ్చింది. దాన్ని ముందుకి జరిపి, ఒక అడుగు. మళ్లీ జరిపి, ఇంకో అడుగు. అలిసిపోతే దాంట్లోనే కూచునేది. ఆ కుర్చీతో వీధరుగు దాకా వచ్చి, పొద్దు వాలేదాకా వచ్చేపోయేవాళ్లని పలకరించేది. ఇప్పటికీ పల్లెల్లో ప్లాస్టిక్ కుర్చీలు అట్టాగే నెట్టుకుంటూ నడిచే అవ్వలని చూస్తాను. ప్లాస్టిక్ కుర్చీ తేలిక, మనిషి ఒక పక్కకి మొగ్గితే అదీ మొగ్గుతుంది. చూస్తే గుండె ఝల్లుమంటుంది.

మాలకొండకి తీసుకుపొమ్మని ఒక వేసవి పట్టుబట్టింది. ఆ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, కాబట్టి జనం విపరీతం. ఒక చేతిలో తాత కర్ర, ఇంకో చెయ్యి మా నాయన భుజం మీద. మెట్టు మెట్టుకీ ఆగి, వెనకాలున్నవాళ్లని ముందుకి పొమ్మని కర్రతో దారి చూపిస్తూ ఎక్కింది. ఎవరూ విసుక్కోలేదు. పై మెట్టు మీద ఎవరో ముక్కూమొగం తెలియనామె చెయ్యందించి, "రా పెద్దమ్మా, స్వామి ఇయ్యాలంతా ఇక్కడే ఉంటాడు" అంది.

* * *

నాయన మాత్రం కర్ర ముట్టనన్నాడు. పంతులు. బడి మానుకున్నాక కూడా ఇస్త్రీ చొక్కా లేనిదే వీధిలోకి వచ్చేవాడు కాదు. మోకాళ్లు నొప్పి మొదలైనప్పటినుంచీ ఆయన చేతిలోకి గొడుగు వచ్చింది. వాన లేని రోజుల్లో, మబ్బు కూడా లేని రోజుల్లో. వంకీ పిడి, కింద ఇనప మొన. అచ్చం చేతికర్రలా పట్టుకుని, గొడుగులా మర్యాదగా నడిచేవాడు. మా వైపు బస్టాండుల్లో నిలబడి చూడండి, ఎండాకాలం సాయంత్రాలు గొడుగు ఆనించుకుని నిలబడ్డ రిటైరైన పెద్దమనుషులు ఎందరో కనిపిస్తారు. వాళ్లందరి మోకాళ్లూ నొప్పే.

గొడుగు మనిషి బరువు మొయ్యడానికి చేసింది కాదు. కడ్డీ వంగుతుంది. మొన నున్నటి నేల మీద జారుతుంది. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా "కర్ర పడితే ఊరంతా పెద్దాయనా అంటారు" అనేవాడు. ఆయన్ని అందరూ మాస్టారూ అనేవాళ్లు. ఆ పిలుపు పోగొట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

పడింది వీధిలో కాదు, కొత్తగా టైల్స్ వేసిన బాత్రూంలో, తడి మీద. తుంటి ఎముక విరిగింది. ఒంగోల్లో ఆపరేషన్ చేశారు. వచ్చేటప్పుడు వాకర్ ఒకటి కొనుక్కోమన్నారు, ఎదురుగా మందుల షాపులో కొన్నాం. మడత పెట్టే అల్యూమినియం వాకర్. ఎట్టా ఉన్నదాన్ని అట్టా ఆయన ముందు పెట్టారు. చేతులు ముడుచుకుని, భుజాలు చెవులదాకా లేపి, దానికి వేలాడినట్టు నడిచేవాడు నాయన.

తర్వాత వ్యాయామం చేయించడానికి ఇంటికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. రాగానే వాకర్ కేసి చూసి, "ఇది ఎవరికి కొలిచారు?" అంది. నాయన్ని చెప్పులు వేసుకుని నిలబడమంది. చేతులు వదిలెయ్యమంది. మణికట్టు మడత దగ్గర వేలు పెట్టి, ఆ ఎత్తుకి వాకర్ కాళ్ల గుండీలు నొక్కి, రెండు చిల్లులు కిందికి దించింది. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలంది. నాయన ఆ అమ్మాయిని చాలాసేపు చూశాడు. "మీ తాత వడ్లాయనా అమ్మా?" అని అడిగాడు. "కాదు మాస్టారూ, బీపీటీ, ఫిజియోథెరపీ డిగ్రీ చదివాను" అని నవ్వింది.

ఆ అమ్మాయి చెప్పిన మాటలు నాయన తన పాత పాఠాల నోట్సులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆ పుస్తకం నా దగ్గరుంది. వాకర్ నాలుగు కాళ్లూ నేలకి ఆనిన తర్వాతే అడుగు వెయ్యవలెను. లేచునప్పుడు వాకర్ పట్టుకుని లాగరాదు, కుర్చీ చేతులు నొక్కి లేవవలెను. కర్ర నొప్పి కాలివైపు కాదు, బాగున్న కాలివైపు చేత పట్టవలెను. దాని కింద కారణం కూడా రాశాడు, కారణం లేకుండా ఏదీ రాసే మనిషి కాదు: నడిచేటప్పుడు కుడి కాలికి ఎడమ చెయ్యి తోడు గనుక. మెట్లు ఎక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు నొప్పి కాలు, కర్ర ముందు.

కొన్నాళ్లకి వాకర్ వదిలి కర్ర పట్టాడు. కిందికి రబ్బరు బుష్ ఉన్న అల్యూమినియం కర్ర. చప్పుడు లేదు. ఆయన వెనక నిలబడితే తప్ప వచ్చినట్టు తెలిసేది కాదు. వీధిలో జనం అప్పుడు కూడా మాస్టారూ అనే పిలిచారు.

* * *

ఆ వాకర్ మా ఇంట్లో అన్ని గదుల్లోకీ పోలేదు. బాత్రూం తలుపు వెడల్పు చాలలేదు. వీధి గడప జానెడెత్తు. శుక్రవారం శుక్రవారం అమ్మ పసుపు రాసి, బొట్లు పెట్టే గడప. మేస్త్రీ కొట్టేద్దామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి గడప కదలకుండా లోపలొకటి, బయటొకటి సిమెంటు వాలు పోశాడు. ఆ వాలు మీద కూడా అమ్మ ముగ్గు వేసేది, తర్వాత ముగ్గుపిండి మీద కర్ర జారుతుందని తనే పక్కకి జరిపి వెయ్యడం మొదలుపెట్టింది.

బస్సు సంగతి వేరే చెప్పాలి. అరవై దాటినవాళ్లకి మన ఆర్టీసీ టికెట్టులో పాతిక శాతం తగ్గిస్తుంది. ముందు సీట్లు వాళ్లకని రాసి ఉంటుంది. మంచిదే. కానీ ఆ సీటు దాకా చేరాలంటే పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎక్కాలి. అది నాయన మోకాలెత్తు. కర్ర కండక్టరు అందుకునేవాడు, రెక్క నేను పట్టుకునేవాణ్ణి, వెనకనించి ఎవరో ఒకరు నెట్టేవాళ్లు. సాయానికి ఎప్పుడూ కొదవ లేదు. అయినా ఒక మనిషి తన ఊరి బస్సు తనంతట తను ఎక్కలేకపోవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఛార్జీ తగ్గించడం కంటే ఆ మెట్టు తగ్గించడం పెద్ద మేలు అని నేను గట్టిగా నమ్ముతాను.

* * *

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో కేంద్ర ప్రభుత్వం వయోశ్రీ పథకం మొదలుపెట్టింది. దేశంలో మొట్టమొదట మన దగ్గరే. అరవై దాటిన పేదవాళ్లకి చేతికర్రలు, వాకర్లు, నాలుగు కాళ్ల కర్రలు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. కాన్పూరులోని అలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ చేసి పంపుతుంది. ఒకప్పుడు మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని గుర్తించింది కూడా ఆ జిల్లాలోనే కదా అని ఆ వార్త చదివినప్పుడు అనుకున్నాను.

తర్వాత మా వైపు శిబిరం పెట్టినప్పుడు పెద్దమ్మకి నాలుగు కాళ్ల కర్ర వచ్చింది. సంవత్సరీకం భోజనాలయ్యాక చూడబోతే, అది తలుపు మూల ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. ఆమె చేతిలో పాత వెదురు. అదేందంటే "అది భుజం లాగుద్ది అబ్బయ్యా, వచ్చినకాడినించి అంతే" అంది.

చెప్పులు వేసుకోమన్నాను. చేతులు వదిలెయ్యమన్నాను. గుండీ నొక్కితే లోపల బిగుసుకుపోయి ఉంది, కొంచెం ఆముదం తెమ్మని పిన్నిని కేకేశాను. రెండు చిల్లులు దించాక పిడి ఆమె మణికట్టుకి వచ్చింది. వెడల్పు కాళ్లు బయటివైపు ఉండాలని తిప్పి ఇచ్చాను, లేకపోతే తన కాలే తగిలి తూలుతుంది. నాలుగడుగులు వేసి, గోడ దాకా పోయి, తిరిగొచ్చింది. "ఇప్పుడు లాగటం లా" అని మళ్లీ బయల్దేరింది, ఈసారి వీధిలోకి.

ఎదురింటి అరుగు మీది పెద్దాయన చూస్తూనే ఉన్నాడు. "మాస్టారి పిల్లోడా, నాది గూడా ఒకపాలి చూడు. ఎడమకి ఈడస్తా ఉంది" అన్నాడు. ఎత్తు సరిగ్గానే ఉంది. కింద ఒక కాలి బుష్ ఊడిపోయి గొట్టం బోసిగా నేలకి రాసుకుంటోంది. మిగతా బుష్‌లు కూడా బండలా అరిగిపోయాయి. కనిగిరిలో మందుల షాపుల్లో దొరుకుతాయి గానీ సైజులు రకరకాలుంటాయి. గొట్టానికి దారం చుట్టి కొలత తీసుకుని, ఇంకా ఎవరికి కావాలో కనుక్కోమని ఆయనకే చెప్పాను. సాయంత్రానికి చీటీలో ఆరు పేర్లు చేరాయి.